మరుపును కొలిచిన మాస్టారు

వేసవి సెలవులకు వచ్చిన మనవడికి తాతయ్య అ ఆలు దిద్దించి గుణింతాల దాకా తీసుకొస్తారు. జూన్‌లో బడి తెరుస్తారు. పిల్లాడు మళ్లీ కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో పడిపోతాడు. దసరాకి వచ్చినప్పుడు పలక చేతికిస్తే సగం అక్షరాలు గుర్తుండవు. సరిహద్దు ఊళ్లలోని తెలుగు ఇళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. మరి నేర్చుకున్నదంతా బూడిదలో పోసిన పన్నీరేనా? లోపల ఎక్కడో కాస్తయినా మిగిలి ఉంటుందా? ఉంటే ఎంత?

ఈ 'ఎంత' అన్న ప్రశ్ననే పట్టుకుని ఏళ్ల తరబడి కూర్చున్నారు ఒక జర్మన్ మాస్టారు. ఆయనకు ప్రయోగశాల లేదు. సహాయకులు లేరు. డబ్బిచ్చే సంస్థా లేదు. ఒక గది, ఒక గడియారం, కొన్ని కాగితం ముక్కలు, తన సొంత బుర్ర. అంతే సరంజామా. వాటితోనే మనిషి జ్ఞాపకాన్ని లెక్కలోకి తెచ్చి చూపించారు. మనసు గురించి ఏదైనా తేల్చి చెప్పాలంటే ఎలా పరిశోధించాలో ఇవాళ విద్యార్థులు నేర్చుకునే తొలి పాఠాలు చాలావరకు ఆయన పనిలో కనిపిస్తాయి. ఆయనే హెర్మన్ ఎబ్బింగ్‌హాస్.

వ్యాపారి కొడుకు

ఎబ్బింగ్‌హాస్ 1850 జనవరి 24న జర్మనీలోని బార్మెన్‌లో పుట్టారు. ఇప్పుడది వుప్పర్తాల్ నగరంలో కలిసిపోయింది. తండ్రి వ్యాపారి. ఇంట్లో కలిమికి లోటు లేదు. పదిహేడో ఏట బాన్ విశ్వవిద్యాలయంలో చేరారు. మొదట చరిత్ర, భాషాశాస్త్రం చదివారు. తర్వాత మనసు తత్వశాస్త్రం మీదకు మళ్లింది. హాలె, బెర్లిన్‌లలో కూడా కొంతకాలం చదువుకున్నారు. 1870లో ఫ్రాన్స్‌తో యుద్ధం రావడంతో పుస్తకాలు పక్కనపెట్టి సైన్యంలో చేరారు. యుద్ధం ముగిశాక తిరిగి వచ్చి 1873లో డాక్టరేట్ అందుకున్నారు. అప్పటికి ఆయన వయసు 23.

చదువు అయిపోయింది కానీ ఉద్యోగం కుదురుకోలేదు. ఇంగ్లండు, ఫ్రాన్సులలో తిరుగుతూ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ కొన్నేళ్లు గడిపారు. ఆ తిరుగుళ్లలోనే ఒకనాడు పాత పుస్తకాల అంగట్లో ఓ పుస్తకం చేతికి తగిలింది. గుస్తావ్ ఫెక్నర్ అనే పెద్దాయన 1860లో అచ్చువేసిన పుస్తకమది. చేతిలోని బరువు పెరిగితే మనిషికి ఆ తేడా ఎప్పుడు తెలుస్తుంది, వెలుగు ఎంత పెరిగితే కంటికి ఆనుతుంది అన్న విషయాలను ఫెక్నర్ అందులో లెక్కలు కట్టి చూపించారు. కంటికి కనిపించని అనుభూతిని కూడా అంకెల్లో పెట్టొచ్చని ఆ పుస్తకం చెబుతోంది.

అది చదివిన ఎబ్బింగ్‌హాస్‌కు ఒక ఆలోచన తట్టింది. చూపునూ స్పర్శనూ కొలవగలిగినప్పుడు జ్ఞాపకాన్ని మాత్రం ఎందుకు కొలవకూడదు?

అప్పటికి ఉన్న పరిస్థితి

ఆ రోజుల్లో ఇది సాహసమే. జ్ఞాపకం గురించి అప్పటికే ఎందరో తత్వవేత్తలు రాశారు. కానీ అంతా కూర్చుని ఆలోచించి రాసిందే. నాకిలా అనిపిస్తోంది కాబట్టి అందరికీ ఇలాగే ఉంటుందని చెప్పడమే తప్ప, పరీక్షపెట్టి చూసినవాళ్లు లేరు. 1879లో విల్‌హెల్మ్ వుంట్ లైప్‌జిగ్‌లో మనస్తత్వశాస్త్రానికి ప్రయోగశాల తెరిచారు. ఆ శాఖకే పెద్ద దిక్కు ఆయన. అయితే చూపు, వినికిడి, స్పందన లాంటివాటికే ప్రయోగం పనికొస్తుందని, జ్ఞాపకం, ఆలోచన లాంటి పైస్థాయి పనులు దానికి అందవని వుంట్ అభిప్రాయం.

సరిగ్గా ఆ 1879లోనే ఎబ్బింగ్‌హాస్ తన ప్రయోగాలకు దిగారు. ఎవరి దగ్గరా శిష్యరికం చేయలేదు. ఎవరి అనుమతీ అడగలేదు.

అర్థం లేని 2,300 ముక్కలు

మొదటి చిక్కు దేన్ని గుర్తుపెట్టుకోవాలన్నదే. పద్యం తీసుకుంటే ఒకటి తేలిక, ఒకటి కష్టం. ఒక పాదం ఇదివరకు విన్నట్టుంటుంది. ఇంకోటి ఎవరినో గుర్తుకు తెస్తుంది. ప్రాస ఉంటే నోటికి దానంతటదే వస్తుంది. అప్పుడు పని చేసింది జ్ఞాపకమా, ప్రాసా, పాత పరిచయమా? తేల్చి చెప్పలేం. కొలవాల్సిన దాన్ని మిగతా వాటి నుంచి విడదీయకపోతే ఆ కొలతకు విలువ లేదు. పరిశోధనలో ఇది మొదటి సూత్రం.

దీనికి ఆయన ఓ ఉపాయం కనిపెట్టారు. నడుమ ఒక అచ్చు, అటూ ఇటూ ఒక్కో హల్లు ఉండేలా పొట్టి ముక్కలు తయారు చేశారు. మన లిపిలో రాస్తే గెప్, డూస్, నిమ్ లాంటివన్నమాట. వాటికి అర్థం లేదు, కథ లేదు, ప్రాస లేదు. అలాంటివి సుమారు 2,300 అయ్యాయి. అన్నింటినీ కలిపేసి చీటీలు తీసినట్టు ఒక్కోటి తీసి వరసలు పేర్చారు. తనకు నచ్చినవి ఏరుకునే వీలు లేకుండా ఎంపికను అదృష్టానికే వదిలేశారు. ఇది రెండో సూత్రం.

నిజానికి పూర్తిగా అర్థం లేని ముక్క దొరకడం కష్టం. రెండు మూడు భాషల మధ్య బతికేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. 'కల్' అనేది తెలుగులో మాట కాదు. తమిళంలో అది రాయి, హిందీలో నిన్న లేదా రేపు. 'పాల్' అంటే తమిళులకు పాలు. 'ఘర్' అంటే మరాఠీవాళ్లకు ఇల్లు. ఎబ్బింగ్‌హాస్‌కూ ఇదే ఎదురైంది. అర్థం లేదనుకున్న ముక్కల్లోనూ కొన్ని వరసలు తేలిగ్గా, కొన్ని మొండిగా ఉన్నాయని గమనించారు. దాన్ని దాచకుండా పుస్తకంలో రాశారు. అందుకే ఒకటి రెండు వరసలతో సరిపెట్టక వందల వరసలు చేసి సగటు తీశారు.

గడియారం టిక్కుమంటే ఒక ముక్క

రెండో చిక్కు చదివే తీరు. ఒకరోజు నిదానంగా, ఒకరోజు గబగబా చదివితే రెంటినీ పోల్చలేం. కాబట్టి వేగాన్ని కట్టేశారు. సంగీతం నేర్చుకునేవాళ్లు తాళం కోసం వాడే మెట్రోనోమ్ పెట్టుకుని నిమిషానికి 150 దెబ్బల చొప్పున చదివారు. తర్వాత గడియారం టిక్కు టిక్కునే తాళంగా పెట్టుకున్నారు. ముక్కకు సెకనులో ఐదింట రెండో వంతు సమయం. ఒక వరస అయ్యాక 15 సెకన్ల విరామం. గొంతు ఎత్తు, ఊనిక కూడా ఒకే తీరు. ముక్కల మధ్య ఏదో సంబంధం కల్పించుకుని గుర్తుపెట్టుకునే చిట్కాలు వాడకూడదని తనకు తానే నిషేధం పెట్టుకున్నారు.

రోజూ పని చేసే వేళలు కూడా ఖాయం. పగటికీ సాయంత్రానికీ తేడా వస్తోందని, సాయంత్రం అదే పనికి ఎక్కువ సమయం పడుతోందని లెక్కల్లో తేలింది. దాంతో వేర్వేరు వేళల ఫలితాలను విడివిడిగా లెక్కగట్టారు. ప్రయోగాలు జరిగినన్నాళ్లు జీవితంలో పెద్ద మార్పులు రాకుండా చూసుకున్నారు.

చెప్పడానికి తేలికే కానీ చేయడం నరకం. పదహారు ముక్కల వరసలను ఒక్కోటీ 64 సార్లు చదివే ప్రయోగం ఒక దఫాకు ముప్పావు గంట పట్టేది. చివరికొచ్చేసరికి నీరసం, తలనొప్పి. చూసేవాళ్లు లేరు, మెచ్చుకునేవాళ్లు లేరు. అయినా ఆపలేదు.

మిగిలింది ఎంత?

అసలు చిక్కు మూడోది. గుర్తుందా అని అడిగితే ఉంది, లేదు అని రెండే జవాబులు. ఒక్క ముక్క కూడా నోటికి రాకపోతే అంతా పోయినట్టేనా? కాదేమోనన్నది ఆయన అనుమానం. పైకి రాకపోయినా లోపల ఏదో ఉండొచ్చు. దాన్ని బయటికి లాగే కొలత కావాలి.

ఎబ్బింగ్‌హాస్ కనిపెట్టిన కిటుకు చాలా సాదాసీదా. ఒక వరసను తడుముకోకుండా అప్పజెప్పేదాకా చదవాలి. ఎంత సమయం పట్టిందో రాసుకోవాలి. కొంతకాలం వదిలేయాలి. తర్వాత అదే వరసను మళ్లీ మొదటినుంచి నేర్చుకుని, ఈసారి ఎంత పట్టిందో చూడాలి. మొదటిసారి వెయ్యి సెకన్లు పట్టి, రెండోసారి 660 సెకన్లు పట్టిందనుకుందాం. 340 సెకన్లు కలిసొచ్చాయి. అంటే నూటికి 34 వంతులు ఆదా. లోపల మిగిలిన జ్ఞాపకానికి ఆ ఆదాయే కొలబద్ద.

కంటికి కనిపించని జ్ఞాపకం అలా గడియారం ముల్లు మీదకు వచ్చింది. కొలవలేనిదాన్ని కొలవాలంటే, దాని వల్ల జరిగే ఏదో ఒక పనిని పట్టుకుని ఆ పనిని కొలవాలి. మనస్తత్వశాస్త్ర పరిశోధన మొత్తం ఇప్పటికీ ఈ దారిలోనే నడుస్తోంది.

లెక్కల్లో మరుపు

మరుపు కోసం ఆయన చేసిన జంట పరీక్షలు 163. చాలా పరీక్షల్లో ఎనిమిదేసి వరసలు, కొన్నింటిలో ఆరేసి, వరసకు 13 ముక్కలు. అంటే పన్నెండు వందలకు పైగా వరసలను నేర్చుకోవడం, మళ్లీ నేర్చుకోవడం.

ఫలితం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నేర్చుకున్న 20 నిమిషాలకే ఆదా 58 శాతానికి పడిపోయింది. గంట దాటేసరికి 44. తొమ్మిది గంటలకు దాదాపు 36. ఒక రోజుకు 34. రెండు రోజులకు 28. ఆరు రోజులకు 25. నెల రోజులకు 21.

ఈ అంకెల్లో రెండు సంగతులున్నాయి. మరుపు రోజూ ఒకే మోతాదులో జరిగేది కాదు. పోయేదంతా మొదటి గంటల్లోనే పోతుంది. ఆ తర్వాత కారడం నెమ్మదిస్తుంది. రెండోది, నెల రోజుల తర్వాత కూడా సున్నా కాలేదు. అర్థం లేని ముక్కలే అయినా అయిదో వంతు శ్రమ ఇంకా లోపల నిలిచే ఉంది. గ్రాఫు గీస్తే కొండ మీంచి నిట్టనిలువుగా దిగి, ఆపైన మైదానంలా సాగే గీత వస్తుంది. 'మరుపు రేఖ' అని పాఠ్యపుస్తకాల్లో కనిపించేది ఇదే.

వరస పొడుగు పెరిగితే ఏమవుతుందో కూడా చూశారు. ఏడు ముక్కలైతే ఒక్కసారి చదివితే చాలు. పన్నెండైతే దాదాపు 17 సార్లు చదవాలి. పదహారుకు 30, ఇరవై నాలుగుకు 44, ముప్పై ఆరుకు 55 సార్లు. ఏడు నుంచి పన్నెండుకు పెంచింది అయిదు ముక్కలే. శ్రమ పెరిగింది మాత్రం పదిహేడింతలు.

అర్థం ఉంటే ఎంత తేడా వస్తుందో చూద్దామని బైరన్ రాసిన 'డాన్ జువాన్' కావ్యంలోని పద్యాలు కూడా పట్టారు. ఒక్కో పద్యంలో దాదాపు 80 అక్షరాలు. అర్థం లేని ముక్కలతో పోలిస్తే పదో వంతు శ్రమకే అవి నోటికి వచ్చేశాయి. అర్థం, లయ, ప్రాస కలిస్తే పని ఎంత తేలికవుతుందో మన పద్యాలు వల్లెవేసినవాళ్లకు అనుభవమే. ఆయన దాన్ని అంకెల్లో చూపించారు.

68 సార్లా, 38 సార్లా?

బడికీ ఇంటికీ బాగా పనికొచ్చే ఫలితం మరొకటి ఉంది. పన్నెండు ముక్కల వరసను ఒకే రోజు వరసపెట్టి 68 సార్లు చదివి, మర్నాడు మళ్లీ నేర్చుకున్నారు. ఇంకో వరసల్ని మూడు రోజులకు పంచి మొత్తం 38 సార్లు చదివారు. రెండింటి ఫలితం దాదాపు ఒకటే. ఒకే దెబ్బకు కూర్చుని 68 సార్లు బట్టీ పట్టడమూ, విడతలుగా 38 సార్లు చూసుకోవడమూ సమానమన్నమాట. పరీక్ష ముందు రాత్రి తెల్లవార్లూ కూర్చునే పిల్లలకు పెద్దలు చెప్పే బుద్ధులకు ఇలా లెక్క దొరికింది.

తన మీద తనకే అనుమానం

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. పరీక్ష పెట్టేదీ ఆయనే, రాసేదీ ఆయనే, మార్కులు వేసేదీ ఆయనే. ఇష్టమైన ఫలితం వచ్చేలా మనసు తెలియకుండానే మోసం చేయదా?

ఈ ప్రశ్నను ఇతరులకంటే ముందు తనకు తానే వేసుకున్నారు ఎబ్బింగ్‌హాస్. ఏ ఫలితం రావాలో మనిషి ముందే ఊహించుకుంటే, ఆ ఊహ శ్రద్ధను పెంచొచ్చు, తగ్గించొచ్చు. అందుకే ఒక విడత పరీక్షలు పూర్తయ్యేదాకా లెక్కలు కట్టి చూసుకోకుండా ఉండటానికి ప్రయత్నించారు. సగటు అంకెతో పాటు ఆ సగటులో ఎంత తప్పు ఉండొచ్చో కూడా పక్కనే వేశారు. నా లెక్క ఇంత, ఇందులో ఇంతమేర నమ్మకం లేదు అని చెప్పడం అప్పట్లో ఈ శాఖకు కొత్త.

ఇంకో సంగతి. తొమ్మిది గంటల నుంచి 24 గంటల మధ్య మరుపు బాగా తక్కువగా ఉంది. 36 శాతం నుంచి 34కే దిగింది. గీత ప్రకారం ఇంకా పడాలి. మధ్యలో రాత్రి నిద్ర ఉంది. నిద్ర వల్లేనా అని ఆయన ఆలోచించారు. ఆ మాట ఆయనకే నమ్మశక్యంగా తోచలేదు. కానీ అంకెను దిద్దలేదు, తీసేయలేదు. గీతకు కుదరని అంకెను అలాగే అచ్చులో పెట్టారు. దాని విలువ ఆయన పోయాక గానీ తేలలేదు. 1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు పరీక్షించి, నేర్చుకున్నాక నిద్రపోయినవాళ్లు మెలకువగా ఉన్నవాళ్లకంటే తక్కువ మరిచిపోతున్నారని చూపించారు. నిద్రకూ జ్ఞాపకానికీ ఉన్న లంకె మీద ఇప్పుడు ఎన్నో పరిశోధనలు జరుగుతున్నాయి. అప్పుడాయన ఆ అంకెను సరిచేసి ఉంటే ఒక మంచి ఆనవాలు పోయేది.

తొలివిడత ప్రయోగాలు 1880కే పూర్తయ్యాయి. ఆ ఫలితాలను బెర్లిన్ విశ్వవిద్యాలయానికి సమర్పించి అక్కడ పాఠాలు చెప్పే అర్హత సంపాదించారు. వెంటనే పుస్తకం వేసుకుంటే పేరొచ్చేది. కానీ వేయలేదు. మూడేళ్లు ఆగి 1883, 84లలో ప్రయోగాలను మళ్లీ చేశారు. మొదటి లెక్కలు నిలిచాయా లేదా అని సరిచూసుకున్నారు. కొత్తవి చేర్చారు. అప్పుడు గానీ, 1885లో, జ్ఞాపకం మీద ఆ చిన్న పుస్తకం బయటికి రాలేదు.

బెర్లిన్‌లో చేజారింది

పుస్తకానికి మంచి పేరే వచ్చింది. 1886లో బెర్లిన్‌లో ఆచార్యుడయ్యారు. అయితే అది పూర్తిస్థాయి పీఠం కాదు. 1890లో ఆర్థర్ కోనిగ్‌తో కలిసి మనస్తత్వశాస్త్రానికీ ఇంద్రియ శాస్త్రానికీ ఒక పత్రిక మొదలుపెట్టారు. లైప్‌జిగ్‌లోని వుంట్ బృందానికి బయట ఉన్నవాళ్లు రాసుకోవడానికీ అదొక వేదికైంది.

ఇంతలో ఎదురుదెబ్బ. 1894లో బెర్లిన్‌లో పెద్ద పీఠం కార్ల్ స్టుంఫ్‌కు దక్కింది. ఎబ్బింగ్‌హాస్ రాసిన పేజీలు తక్కువని, ప్రచురణలు చాలవని పెద్దల లెక్క. ఒక్కో అంకె కోసం నెలలు ధారపోసిన మనిషికి పేజీల లెక్కే అడ్డమొచ్చింది. ఆయన బ్రెస్లావ్ వెళ్లిపోయారు. ఇప్పుడది పోలెండ్‌లోని వ్రొత్స్‌వాఫ్.

ఆ ఏడాదే బెర్లిన్ తత్వవేత్త విల్‌హెల్మ్ డిల్తై, మనసును ప్రకృతి శాస్త్రాల పద్ధతిలో విడగొట్టి వివరించలేమని, దాన్ని ఉన్నదున్నట్టు వర్ణించి అర్థం చేసుకోవాలని వాదిస్తూ వ్యాసం రాశారు. మరుసటి ఏడాది 1895లో ఎబ్బింగ్‌హాస్ తన పత్రికలో ఘాటుగానే జవాబిచ్చారు. పరీక్షకు నిలిచే ఊహలు లేకుండా మనసును అర్థం చేసుకోవడం కుదరదన్నది ఆయన వాదన సారాంశం. మనసును కొలవాలా, వినాలా అన్న ఆ తగాదా పూర్తిగా తీరింది లేదు.

బడిపిల్లల కోసం

బ్రెస్లావ్‌లో ఆయనకు వేరే పని తగిలింది. పొద్దున్నుంచి అయిదు గంటలు ఏకబిగిన పాఠాలు చెబితే పిల్లలు అలసిపోతున్నారా అని నగర పాలకులకు సందేహం వచ్చింది. పరీక్షించి చెప్పమన్నారు. ఎబ్బింగ్‌హాస్ గంట గంటకూ పిల్లలకు చిన్న పరీక్షలు పెట్టించారు. లెక్కలు, అంకెలు గుర్తుపెట్టుకోవడం, వాటితో పాటు తాను కొత్తగా తయారుచేసిన ఖాళీలు పూరించే పరీక్ష. కథలో కొన్ని మాటలు, అక్షరాలు తీసేసి, అర్థం చెడకుండా నింపమనడమే ఆ పరీక్ష.

ఈ పని 1897లో అచ్చయింది. అలసట కోసం తయారుచేసిన ఖాళీల పరీక్ష, ఏ పిల్లాడు చదువులో ముందున్నాడు, ఎవరు వెనకబడ్డారు అన్నది మిగతావాటికంటే బాగా పట్టించింది. 1905లో ఫ్రాన్స్‌లో ఆల్‌ఫ్రెడ్ బినె తయారుచేసిన తెలివితేటల పరీక్షలోనూ వాక్యాలు పూరించే అంశం చోటు చేసుకుంది. మన ప్రశ్నపత్రాల్లో 'ఖాళీలను పూరింపుము' అని చూసినప్పుడల్లా అర్థం వెతికే ఆ పరీక్ష గుర్తుకు రావాలి.

1905లో హాలెకు మారారు. అక్కడ 1909 ఫిబ్రవరి 26న న్యుమోనియాతో కన్నుమూశారు. వయసు 59. అప్పటికి ఆయన పెద్ద పాఠ్యగ్రంథం పూర్తి కానేలేదు. కొడుకు జూలియస్ తర్వాతి కాలంలో పేరున్న తత్వవేత్త అయ్యారు.

ఒక్కడి లెక్క లోకానికి చెల్లుతుందా?

ఎబ్బింగ్‌హాస్ పనిలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. పరీక్షించింది ఒక్క మనిషినే. ఆ ఒక్కడూ చదువుకున్నవాడు, పట్టుదల గలవాడు, ఏం జరుగుతోందో పూర్తిగా తెలిసినవాడు. అలాంటి ఒక్కరి అంకెలు ఊరందరికీ వర్తిస్తాయని ముందే చెప్పేయలేం. తన అంకెలు తనవేనన్న సంగతి ఆయనకూ తెలుసు.

ఆ లోపాలను తర్వాతివాళ్లు ఒక్కోటే సరిచేస్తూ వచ్చారు. గ్యోటింగెన్‌లో మ్యూలర్, షూమన్ 1894లో పరీక్ష పెట్టేవాడినీ రాసేవాడినీ వేరు చేశారు. ముక్కలు ఒక్కోటే ఒకే వేగంతో కనబడేలా తిరిగే డోలు యంత్రాన్ని వాడారు. 1932లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అసలు అభ్యంతరం లేవనెత్తారు. మనిషి నిత్యజీవితంలో అర్థం లేని ముక్కల్ని గుర్తుపెట్టుకోడు, కథల్నీ మనుషుల్నీ గుర్తుపెట్టుకుంటాడు, గుర్తుచేసుకునేటప్పుడు కొంత తానే అల్లుకుంటాడు అన్నది ఆయన చూపించిన సంగతి. రెండూ నిజాలే. ఒకరు అర్థాన్ని తీసేసి జ్ఞాపకాన్ని కొలిచారు, ఇంకొకరు అర్థంతో కలిపి చూశారు.

ఈ తరహా ప్రయోగాలు మన దేశానికీ వచ్చాయి. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916లో, మైసూరులో 1924లో మనస్తత్వశాస్త్ర విభాగాలు మొదలయ్యాయి.

మరి ఆ మరుపు రేఖ నిలిచిందా? 2015లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన మురె, డ్రోస్ అదే ప్రయోగాన్ని మళ్లీ చేసి ప్రచురించారు. ఈసారి కూడా ఒక మనిషే. 70 గంటలు వరసలు నేర్చుకుని, 20 నిమిషాల నుంచి 31 రోజుల దాకా వ్యవధులు వదిలి మళ్లీ నేర్చుకున్నారు. నూటముప్పై ఏళ్ల కిందటి గీతకు దగ్గరగానే గీత వచ్చింది. ఒక రోజు దగ్గర చిన్న ఎత్తు కూడా కనిపించింది. ఎబ్బింగ్‌హాస్ ఏం చేశారో, ఎలా చేశారో, ఎంత వేగంతో చదివారో అన్నీ రాసిపెట్టారు కాబట్టే ఇంకొకరు దాన్ని మళ్లీ చేయగలిగారు. ఇంకొకరు చేసి చూసుకునేలా రాయకపోతే అది పరిశోధన అనిపించుకోదు.

ఇరవై రెండేళ్ల తర్వాత

ఆయన జీవితంలో చివరిగా చెప్పుకోవాల్సింది ఒకటుంది. వయసులో ఉండగా నేర్చుకున్న ఆ బైరన్ పద్యాలను 22 ఏళ్ల తర్వాత మళ్లీ పట్టుకున్నారు. ఒక్క పాదం కూడా గుర్తులేదు. కానీ మళ్లీ నేర్చుకుంటే, ఎప్పుడూ చదవని కొత్త పద్యాలకంటే కాస్త తక్కువ సమయం పట్టింది. ఆదా కొద్దిదే. అయినా ఉంది. మరిచిపోయామనుకున్నది పూర్తిగా పోలేదు.

ఇప్పుడు మళ్లీ ఆ మనవడి దగ్గరికి వద్దాం. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపూర్‌లోనో దసరాకి పలక ముందు తెల్లమొహం వేసిన పిల్లాడు. ఎబ్బింగ్‌హాస్ అంకెల్ని తెచ్చి వాడికి అంటగట్టకూడదు. అవి ఒక జర్మన్ పండితుడు అర్థం లేని ముక్కలతో తేల్చిన లెక్కలు. వాడు నేర్చింది వాళ్ల అమ్మ మాట. కానీ ఆయన పద్ధతి మాత్రం అరువు తెచ్చుకోవచ్చు. గుర్తుందా అని అడగడం మానేసి, మళ్లీ నేర్పించి చూడటమే ఆ పద్ధతి. వేసవిలో ఆ అక్షరాలకు ఎన్ని రోజులు పట్టిందో క్యాలెండర్ మీద రాసిపెట్టుకుని, దసరాలో ఎన్ని రోజులు పట్టిందో పక్కన రాయాలి. అలాగే సెలవుల్లో పది రోజులు ఏకబిగిన కూర్చోబెట్టే కన్నా, అంత సమయాన్నీ వారానికి కొంచెం చొప్పున ఏడాది పొడవునా పంచి చూడాలి.

ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంతో, పిల్లాడిలో మిగిలిన తెలుగు అంత. అది ప్రతి ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. ఎంతో ఊహించి చెప్పక్కర్లేదు, కొలిచి చూసుకోవచ్చు.